నేలకు వేసి చూసిన కారు

రాయచూరులో బోరు మోటార్లకు వైండింగ్ చేసే యమనూరప్పకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దేవదుర్గ దాకా రైతులు ఆయన నోటికి జడుస్తారు గానీ, మోటరు మాత్రం ఇంకొకరి చేతికివ్వరు.

నాలుగేళ్ల మనవరాలు స్ఫూర్తికి ఆయన తెచ్చిన రిమోట్ కార్లు రెండూ రెండేసి రోజులకే విరిగాయి. మూడోసారి బొమ్మల కొట్టుకు పోయి, బల్ల మీదున్న కారును అందుకుని నడుమెత్తు నుంచి నేలకు వదిలేశాడు.

"ఏంది పెద్దాయనా, గిట్ల ఏస్తవు?" అన్నాడు కొట్టాయన.

"మరి మా పిల్ల ముద్దు పెట్టుకుంటదా? గిట్లనే ఏస్తది."

మూడుసార్లు వేసినా దాని చక్రం కూడా ఊడలేదు. రిమోట్ నొక్కితే బాణంలా ఉరికింది. యమనూరప్ప తృప్తిగా తలూపాడు. "ఈ రకమే ఇయ్యి. డబ్బా ఇప్పనిది ఇయ్యి. కింద పడింది నాకెందుకు?"

ఆ కొత్త కారు ఇరుసు సాయంత్రానికే విరిగింది. తెల్లారగానే ఆయన కొట్టు ముందు నిలబడి తిట్లు లంకించుకున్నాడు. "గిదేం సరుకు? నేనైతే రైతు కండ్ల ముందట తిప్పి సూపించందే ఒక్క మోటరు ఇయ్య. తెలుసా నీకు?"

కొట్టాయన రిమోట్ నొక్కాడు. నిన్న మూడుసార్లు నేల మీద పడిన కారు బల్ల మీద గిర్రున తిరిగి, యమనూరప్ప ముందుకొచ్చి ఆగింది.

"నీ కండ్ల ముందట తిరిగింది ఇదే కదా. దీన్నెందుకు ఇడిసిపెట్టి పోతివి?"