గేటు దగ్గర సబ్బు

హైదరాబాద్‌లో నాయినకు బైపాస్ చేసి ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. షుగరు, బీడీ, అధిక బరువు: ఇవి ఉన్నవాళ్లకు కుట్లు చీము పట్టే ప్రమాదం ఎక్కువట. నాయినకు మూడూ ఉన్నాయి. పైగా సూర్యాపేట జిల్లా చిలుకూరు పక్కనున్న మా ఊళ్లో ఇల్లు గొర్రెల దొడ్డిని ఆనుకొనే ఉంటుంది. గొర్రెలను అమ్మకు వదిలి, నేను టీచరుగా చేస్తున్న కోదాడకు, నా కిరాయి ఇంటికి ఆయన్ను తెచ్చుకున్నాను.

ఆ రోజు నుంచి నాకు కుదురు లేదు. లేస్తూనే టార్చిలైటు వేసి ఛాతీ మీది కుట్లు చూసేదాన్ని. బడిలో పాఠం చెబుతున్నా అవే కళ్ల ముందు. మధ్యాహ్నం గంట కొట్టగానే పరుగెత్తుకొచ్చి మళ్లీ చూసేదాన్ని. ఆపరేషన్‌లో కాలికి వేసిన కట్టు తనే మార్చుకుంటానంటే సరేనన్నాను. దిండు కింద బీడీకట్ట దొరికిన రోజు వీధి వీధంతా వినబడేలా అరిచాను.

చుట్టాలు ఊరుకుంటారా? ఆటోల నిండా దిగారు. గేటు దగ్గర బకెట్టు, సబ్బు పెట్టి, చేతులు కడగనిదే లోపలికి రానివ్వలేదు. "సదువుకున్నోళ్ల ఇంటికి పోతే గిట్లనే ఉంటది" అని మూతులు తిప్పుకొని పోయారు.

నేను అందరికన్నా ఎక్కువ భయపడింది మేనత్తకే. చిన్నప్పుడే తల్లి పోతే నాయినను పెంచిన అక్క ఆమె. మనిషిని గుండెకు హత్తుకొని, రాగం తీసి ఏడవడమే ఆమెకు తెలిసిన పలకరింపు. హుజూర్‌నగర్ నుంచి బస్సెక్కి వస్తే, కుట్లు విచ్చుకుంటాయని గేటు దగ్గరే ఆపేశాను. కిటికీలోంచి తమ్ముణ్ణి చూసుకొని, అటునుంచి అటే వెళ్లిపోయింది. ఆ పూట నాయిన అన్నం ముట్టలేదు.

వారం తిరగకముందే ఒక పొద్దున ఆయన ఒళ్లు కాలిపోతోంది. దుప్పటి తీస్తే కాలి దగ్గర వాసన. గుండెకు వేయడానికి రక్తనాళం తీసిన కాలు అది. మోకాలి కింద కుట్లన్నీ చీము పట్టాయి. షుగరుతో తిమ్మిరెక్కిన కాలు కాబట్టి నొప్పి కూడా పెద్దగా తెలియలేదట. నేను రోజుకు రెండుసార్లు ఛాతీనే చూస్తూ కూర్చున్నాను.

సూర్యాపేట దవాఖానలో డాక్టరు, "జ్వరం ఎన్నాళ్ల నుంచి?" అని అడిగాడు. నాయిన నా వంక చూసి తల దించుకున్నాడు.

"నాలుగొద్దులాయె సారూ. బిడ్డ తిడతదని చెప్పలే."

నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ కాగితంలో నా నోరు కూడా రాయాల్సింది.

కాలు మానడానికి నెల పైనే పట్టింది. నాయిన ఇంటికొచ్చిన రోజు మేనత్తకు నేనే ఫోన్ చేసి రమ్మన్నాను. వచ్చింది. నేనేమీ చెప్పకముందే బకెట్టు దగ్గర కూర్చొని మోచేతుల దాకా సబ్బు రుద్దింది, కడిగింది, మళ్లీ రుద్దింది. కొంగుకు తుడుచుకోకుండా, నీళ్లు కారుతున్న చేతులు పైకెత్తి పట్టుకొని గేటు బయటే నిలబడింది.

"ఇగ ముట్టుకోవచ్చా బిడ్డా?"

గేటు తీశాను.