చేతిలో జమ్మి

దసరా మర్నాడు కోరుట్ల నుంచి సిరిసిల్ల పోయే బస్సులో నా పక్కనున్న అమ్మాయి కర్చీఫులో జమ్మి ఆకులు చుట్టి గట్టిగా పట్టుకుంది. వేములవాడ దాటినా పిడికిలి సడలలేదు. ఎవరికని అడిగాను.

“మా తాత దోస్తు ఇంటికక్కా. తాతలున్నప్పుడు ఏటా జమ్మి ఇచ్చుకునేటోళ్లు. నాయినలు భూమి కాడ కొట్లాడి మాటలు బంద్ జేసిండ్రు. నేనే పోతున్న. ఇంట్ల చెప్పలే.”

“తీసుకోకపోతే?”

“గడప మీద పెట్టి అస్త.”

ధైర్యంగానే అంది. సిరిసిల్ల బస్టాండులోకి బస్సు తిరుగుతుంటే మాత్రం నా మోచెయ్యి పట్టుకుంది.

“అక్కా, ఓసారి నీకిచ్చి సూస్త. చెయ్యి వణుకుతుందా చెప్పు.”

రెండాకులు నా అరచేతిలో పెట్టింది. వేళ్లు చల్లగా ఉన్నాయి, బాగా వణుకుతున్నాయి.

వణకడం లేదన్నాను.