ఏడోసారి తీసిన వీడియో

మా పాప త్రివేణి మొదటిసారి నవ్వింది ఎప్పుడు, బోర్లా పడింది ఎప్పుడు అని అడగండి, గంటతో సహా చెబుతాను. నేరేడుచర్లలో నాకు ఫొటో స్టూడియో ఉంది. చుట్టుపక్కల ఊళ్ల పెళ్లిళ్లన్నీ తీసేవాణ్ని, నా బిడ్డను తీయనా? రోజుకో స్టేటస్ పెట్టేవాణ్ని. నాలుగో నెలలో పాపను మొదటిసారి బయటికి, జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు తీసుకెళ్లాం. పక్కనే బ్యాండు మోగిపోతుంటే పిల్ల హాయిగా నిద్రపోయింది. ‘మా పాపకు భయమంటే తెలియదు’ అని రాసి ఆ ఫొటో పెట్టాను. ఆ రాత గుర్తొస్తే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఈ వయసులో పిల్లలు చప్పుడు వైపు తిరుగుతారని ఫోన్‌లో ఎక్కడో చదివి, ఆ వారమే అదీ తీద్దామని కూర్చున్నాను. వెనక నుంచి గిలక్కాయ ఆడించాను, పేరు పెట్టి పిలిచాను. పాప పైన ఫ్యానునే చూస్తోంది. తలంబ్రాలు సరిగ్గా పడకపోతే ‘అన్నా, ఇంకోసారి పొయ్యి’ అనడం మా పనిలో మామూలే. అట్లాగే ఇంకోసారి తీశాను. ఆరుసార్లు తీశాను. ఏడోసారి ఎర్ర గిలక్కాయను పక్క నుంచి పాప కంటికి కనబడేట్టు ఊపాను. చటుక్కున తిరిగింది. గిలక్కాయ కనబడకుండా అంచు కత్తిరించి స్టేటస్‌లో పెట్టేశాను.

నా భార్య గీత మా మేనమామ కూతురే. “బావా, వెనక నుంచి పిలుస్తే పిల్ల సూస్తలేదు. ఒకసారి దవాఖానకు పోదమా?” అంది. ఆ వీడియో ఆమె ముఖం ముందు పెట్టి, “ఇగో, తిరుగుతలేదా? లేనిపోని రోగాలు అంటగడ్తవేంది పిల్లకు?” అని కసిరాను. తొమ్మిదో నెల టీకా రోజు ఆశా వర్కర్ “చప్పుడుకు తిరుగుతుందా?” అని అడిగితే గీత తడబడింది. నేను గబుక్కున ఫోన్ తీసి చూపించాను. ఆమె కార్డులో టిక్కు పెట్టుకుంది. గీత మళ్లీ దవాఖాన మాట ఎత్తలేదు.

పదో నెలలో పాపను పాలకీడుకు, మా నాయిన జంగయ్య గొర్రెల మంద దగ్గరికి తీసుకెళ్లాం. అదీ మొదటిసారే కాబట్టి కెమెరా పట్టుకుని నిలబడ్డాను. నాయిన పాప వెనకాల నిలబడి మందను పిలిచే కేక వేశాడు. గొర్రెలన్నీ తలలెత్తాయి. కుక్క లేచి నిలబడింది. ముందు రోజు పుట్టిన గొర్రెపిల్ల కూడా తిరిగి చూసింది. పాప గడ్డిపరక పట్టుకుని ఆడుకుంటూనే ఉంది. నాయిన ఇంకా దగ్గరికి వచ్చి మళ్లీ కేక వేసి, నా వైపు చూశాడు.

“తేజా, పిల్లకు ఇనొస్తలేదురా. ఇన్ని దినాలు నీకు ఎర్క కాలేదా?”

సూర్యాపేటలో చెవుల డాక్టరమ్మ పరీక్షలు చేయించింది. రెండు చెవులకూ వినికిడి చాలా తక్కువ, మెషిన్లు పెట్టాలి అంది. ఇంకా ముందే తెచ్చి ఉంటే మాటలు నేర్చుకోవడం సులువయ్యేది అని కూడా అంది. అనుమానం ఎప్పుడొచ్చిందని అడిగింది.

“నాకు నాలుగో నెలలనే వచ్చింది మేడం. కానీ అప్పుడు తిరిగింది. మా బావ కాడ వీడియో ఉంది” అంది గీత.

అప్పటికీ నన్ను నమ్ముతోంది. సిగ్గుతో చచ్చిపోయాను. తీసిన ముక్క ఏదీ చెరపకపోవడం పెళ్లి వీడియోలు తీసేవాడి అలవాటు. ఫోన్‌లో ఏడూ వరసగా ఉన్నాయి. డాక్టరమ్మకు చూపిద్దామని గీత ఫోన్ అందుకుని మొదటి దాని నుంచి చూసింది. అన్నింట్లోనూ నా గొంతే. ఏడోది కత్తిరించనిది, గిలక్కాయతో సహా ఉంది.

“ఆరుసార్లు పిల్చినవ్ బావా. పిల్ల పలకలే” అంది మెల్లగా. “నువ్వు మళ్ల తీసినవ్.”

డాక్టరమ్మ తల వంచుకుని ఏదో రాసుకుంటోంది. తిట్టినా బాగుండేది.

మెషిన్లు పెట్టిన రోజు నేను ఫోన్ జేబులోంచి తీయలేదు. గీతే తీసి నా చేతిలో పెట్టింది. “పిలువు. ఒక్కసారే తియ్. తిరిగినా, తిరగకపోయినా గదే ఉంచు.”

వీడియో ఆన్ చేశాను. పాప వీపు నా వైపే ఉంది. స్క్రీన్ మీద సెకన్లు నడుస్తున్నాయి, నేనింకా పిలవలేదు.