కొంగులు పట్టుకున్న ఆదివారం

అందరూ బాగున్నారా... మరియమ్మక్కా, మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి... దేవదాసు తమ్ముడూ, కంటి ఆపరేషను తర్వాత నల్లద్దాలు అప్పుడే తీసేశావా, దుమ్ములో తిరగకు... జాయిసూ, నీ చిన్నదానికి జ్వరం తగ్గిందా, కొన్నాళ్ళుగా నా రాతల కింద కనబడకపోతే నాకు ఏదో ఒకటి తోస్తూనే ఉంది. నా బీపీ సంగతి అడగకండి.

మా చిన్నప్పుడు... ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరూ ఇంటికి పోలేదు. నాంపల్లి స్టేషను వెనక మా చిన్న చర్చి. మగవాళ్ళు కుడివైపు బల్లల మీద, ఆడవాళ్ళు ఎడమవైపు చాపల మీద. సంఘానికి కొత్త నియమావళి రాశారు... దేశానికి రాజ్యాంగం ఎలాగో సంఘానికి అది అలాగ. ఆ రోజు దాన్ని చదివి అందరిచేత ఒప్పించుకోవాలి.

చదివేది మా పెద్దనాయన. మా నాయనకు సొంత అన్న, సంఘానికి కార్యదర్శి. నాయన చనిపోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. అమ్మ దవాఖానలో ఆయా. అమ్మ, నేను, చెల్లె చర్చి ఆవరణలోనే ఒక గదిలో ఉండేవాళ్ళం.

"సంఘ సభ్యుడు అంటే ఇంటి మగ పెద్ద. ఆవరణలో గది ఆయన పేరు మీద ఉంటుంది. ఆయన తర్వాత కొడుకుకు. కొడుకు లేకపోతే అన్నదమ్ములకు" అని చదివాడు.

అమ్మకు కొడుకు లేడు. నాయనకు అన్న ఉన్నాడు... చదువుతున్నది ఆయనే.

నేను చెల్లె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. మా ట్రంకుపెట్టె ఎవరు మోస్తారు, కోడిని ఎక్కడ కట్టేస్తాం... ఈ గాబరా నాకు అప్పటినుంచే.

ఒప్పుకునేవాళ్ళు అనగానే మగవాళ్ళ చేతులు లేచాయి. తర్వాత "కాదనేటోళ్ళు చేతులెత్తున్రి" అన్నాడు.

ఆ రోజుల్లో ఆడవాళ్ళు చర్చిలో తలమీద కొంగు కప్పుకుని, ఒక చేత్తో గడ్డం కింద పట్టుకుని కూర్చునేవారు. ఇంకో చేతిలో చంటిపిల్ల. చెయ్యెత్తితే కొంగు జారి దేవుని సన్నిధిలో తల కనబడుతుంది. అందుకని ఎవరూ ఎత్తేవారు కాదు. ఎత్తలేదు కనుక ఆడవాళ్ళకు అభ్యంతరం లేదని రాసుకునేవారు. అలా ఏమేం రాసుకున్నారో...

అమ్మ ఎత్తింది. కొంగు జారింది.

"కొంగు సర్దుకో రూతమ్మా" అన్నాడు పెద్దనాయన.

"సర్దుకుంట బావా. ముందుగాల నా చెయ్యి లెక్కపెట్టున్రి."

"ఆడోళ్ళ చేతులు లెక్కల రావు. అది మన రివాజు గాదు."

"మొన్న అబిడ్స్ బడిల సర్కారోళ్ళు లెక్కపెట్టిన్రు. గీ సిరా సూడున్రి, ఇంకా పోలె. దేశానికి పనికొచ్చిన చెయ్యి మన చర్చికి పనికిరాదా?"

దేశానికి రాజ్యాంగం వచ్చి మొదటిసారి ఓట్లు పడ్డ రోజులవి.

"అది సర్కారు కానూను. గిది దేవుని ఇల్లు."

మా పక్క గదిలో ఉండే సలోమి అవ్వ అందుకుంది. "దేవుడు నీకొక్కనికే చెప్పిండా కొడుకా?" అని, వెనక్కి తిరిగి నన్ను పిలిచింది. "పోరీ, జర నా కొంగు పట్టు. గా చేత్తోని మీ అమ్మది పట్టు."

రెండు చేతులతో రెండు తలల మీద రెండు కొంగులు పట్టుకుని నిలబడ్డాను. అది చూసి ఒక్కొక్క ఆడపిల్ల లేచి వాళ్ళమ్మ వెనక్కి పోయింది. చెల్లె కూడా ఎవరిదో పట్టుకుంది. చేతులు ఖాళీ అయ్యాయి... ఒకటొకటిగా లేచాయి. కొన్ని వేళ్ళకు సిరా ఉంది.

పాస్టరు అయ్యగారు లేచిన చేతులు చూసి, "లెక్కపెట్టు" అన్నారు పెద్దనాయనతో. పెట్టాడు. ఎడమవైపే ఎక్కువ.

సభ్యులంటే ఆడైనా మగైనా అని, భర్త పోయిన మనిషికి గది ఆమె పేరు మీదే అని అయ్యగారు రాయించారు. సలోమి అవ్వ అంతటితో వదల్లేదు. "రాసింది సదివి వినిపియ్యి కొడుకా. రాసేది ఒకటి, సదివేది ఒకటి గావొద్దు."

చదివాడు. ఆ తర్వాత చాలా రోజులు మాతో మాట్లాడలేదు. అమ్మ మమ్మల్ని ఆ గదిలోనే పెంచింది.

ఇప్పుడు మా సంఘానికి మళ్ళీ కొత్త నియమావళి రాస్తున్నారు. ముసాయిదా ఫోనులో వచ్చింది. మనవరాలు రేచల్ చదివి వినిపించింది. ఇంకోసారి చదవమన్నాను... భర్త పోయిన మనిషికి గది ఆమె పేరు మీదే అన్న మాట లేదు. గది "కుటుంబానికి" అని మాత్రం ఉంది. ఏ కుటుంబానికి... అన్నదమ్ములూ కుటుంబమే కదా. ఆవరణలో నిర్మల అని చిన్న వయసు మనిషి ఉంది, ఈమధ్యే భర్త పోయాడు. మరిది అప్పుడే వచ్చి గది కొలతలు తీసుకుపోయాడు.

ఇప్పటి కార్యదర్శి మంచి పిల్లవాడే. ఫోను చేస్తే, "ఫికర్ చెయ్యకు అమ్మమ్మా. దేశ రాజ్యాంగంలనే అందరు సమానం అని ఉన్నది. మళ్ళ మనం వేరేగ రాసుడెందుకు?" అన్నాడు.

"ఉన్నది బిడ్డా. అప్పుడు గూడ ఉండె. అయినా మా అమ్మ చెయ్యెత్తాల్సొచ్చె."

 "సరే, నిర్మలను దీస్కొని మా ఇంటికి రాండ్రి. కూసొని మాట్లాడుకుందాం" అన్నాడు.

ఇప్పుడు చర్చిలో అందరం కుర్చీల్లో కలిసే కూర్చుంటున్నాం. చేతులు ఖాళీగానే ఉంటున్నాయి... ఎత్తమని అడిగేవాళ్ళే లేరు. ఫోనులో వచ్చినదాని కింద బొటనవేలు బొమ్మ పెడితే ఒప్పుకున్నట్టేనట. చదవకుండానే పెట్టినవాళ్ళు చాలామంది. మీలో మా సంఘంవాళ్ళు ఎవరూ పెట్టలేదు కదా... మీ అమ్మలు, అమ్మమ్మలు ఎప్పుడైనా ఇలా నలుగురిలో కాదన్న రోజులుంటే ఇక్కడ రాయండి, చదువుతాను.

గన్‌ఫౌండ్రీలో కార్యదర్శి ఇల్లు మూడో అంతస్తట, లిఫ్టు పనిచేస్తుందో లేదో... నిర్మలను ఆ రోజు మరిది కదలనిస్తాడో లేదో... కార్యదర్శి పనిచేసే బ్యాంకుకు సెలవని వచ్చే రెండో శనివారం ఖాయం చేసుకున్నాం. పొద్దున పది గంటలకు.