ఒక్క చాటలో పోసిన గుడ్లు

లక్సెట్టిపేట అవతల, అడవి అంచు మద్దిచెట్ల మీద ఎల్లక్క నలభై ఏళ్లుగా దసలి పట్టుపురుగులను పెంచుతోంది. భర్త పోయాక ఇల్లు నిలిచింది ఆ చెట్ల మీదే.

తొలకరికి కాయల్లోంచి, అంటే పట్టుగూళ్లలోంచి, రెక్కల తల్లిపురుగులు బయటికొచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కో తల్లి గుడ్లను ఒక్కో మోదుగాకు దొప్పలో విడిగా ఉంచాలి. తర్వాత తల్లిని నలిపి మైక్రోస్కోపు కింద చూస్తారు. రోగముంటే ఆ దొప్పను కాల్చేస్తారు, ఎందుకంటే తల్లి రోగం గుడ్డులోంచే పిల్లకు వస్తుంది.

తొలిరోజు గుడ్లను మాత్రం ఎల్లక్క దొప్పల్లో పెట్టేది కాదు. అత్త నేర్పినట్టు అన్నీ ఒకే చాటలో పోసి, పసుపు చల్లి, మైసమ్మకు చూపించేది. ఏటా తొలిరోజు నాలుగైదు తల్లులే పెట్టేవి. ఈసారి ఒక్క వానకు ఎనభై తల్లులూ ఒకే రోజు పెట్టాయి. అన్నీ చాటలోకే వెళ్లాయి.

ఆ పరీక్ష నేర్చిన మహిమ, అదే ఊరి పౌలు కూతురు, మైక్రోస్కోపు మీంచి తలెత్తి కళ్లద్దాలు పైకి తోసుకుంది.

"పెద్దమ్మా, మూడు తల్లులకు రోగమున్నది. గుడ్లు ఏ దొప్పలున్నయ్?"

"దొప్పలు లేవు బిడ్డా."

"మళ్ల చాటనేనా?"

"ఎనభైల మూడేనాయె! నీ అద్దాలు తుడ్చి మళ్ల జూడు."

"తుడ్సిన. నువ్వే జూడు."

ఎల్లక్క మైక్రోస్కోపులోకి వంగి చూసింది. బియ్యపు గింజల్లాంటి చిన్న చిన్న మెరుపులు, లెక్కలేనన్ని.

"మిగిలినయ్ మంచియే కద?"

"మంచియేవో నువ్వు ఏరియ్యి, నేను పక్కకు తీస్త. పక్క చెట్ల లక్ష్మీరాజం మామ కొమ్మలు నీ కొమ్మలకు తాకుతున్నయ్. నీ రోగపు పురుగుల రెట్ట ఆయన పురుగులు తినే ఆకుల మీదనే పడ్తది."

ఎల్లక్క చాటను ఇంటికి తెచ్చుకుంది. వేరే గుడ్లు తెచ్చుకుందామన్నా, మిగతా చోట్ల అప్పటికే పంచేశారు. ఇవి పోతే ఈ యేడు పంట లేదు. వారం రోజులు చాటను ఇంట్లోనే దాచింది.

ఎనిమిదో పొద్దున చాటలో నల్లటి తలలు కదిలాయి. ఆకు వెతుక్కుంటూ ఒక పురుగు అంచు దాటింది. ఎల్లక్క అలవాటుగా దాన్ని ఆకుకొనతో ఎత్తి మళ్లీ లోపలే వేసింది. తర్వాత వాకిట్లో పుల్లలు పేర్చి, పురుగులన్నిటినీ చాటతో సహా మంటలో పెట్టింది.

దారిన పోతూ లక్ష్మీరాజం ఆగాడు.

"ఏం వదినె, పురుగుల నింక చెట్లెక్కియ్యలేదా? నావి నిన్ననే ఎక్కినయ్."

"ఈ యేడు ఎక్కియ్య."

పురుగులకు పడని ఆ పొగ అతని చెట్ల వైపు పోతుంటే ఆమె తడి గోనె తెచ్చి అడ్డం పట్టుకుని నిలబడింది.