తిరిగొచ్చే ఎత్తు

చేలో పురుగుమందు డబ్బా వీపున మోసినవాళ్ళకి ఒకటి తెలుసు. డబ్బా దించాక కూడా చాలాసేపు భుజం మీద పట్టీ ఉన్నట్టే ఉంటుంది. నాకు కొన్నేళ్ళుగా అలాగే ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడక్కండి.

నేను తక్కువ మాట్లాడతాను. పుస్తకాలు చదువుతాను, డైరీ రాస్తాను. ఏ రోజు ఏం వండామో, ఏ చేలో ఏం పురుగు పడిందో కూడా రాసే నేను, ఈ సంగతి ఒక్కటి అందులో రాయలేదు. రాస్తే నిజమైపోతుందని భయమా? రాయకపోతే ఎవరిదో అయిపోతుందనా?

మా అమ్మ వాళ్ళ డ్వాక్రా గ్రూపుకి మందు కొట్టే డ్రోన్ వచ్చినప్పుడు, నడపడం నేర్చుకోడానికి నన్ను పంపారు. మనుషులతో కన్నా దాంతోనే నాకు తేలిక. తిరువూరు చుట్టుపక్కల పత్తి చేలు, రెడ్డిగూడెం వైపు మామిడి తోటలు, ఎక్కడికి పిలిస్తే అక్కడికి వెళ్ళేదాన్ని. పెళ్ళిళ్ళకి ఫోటోలు తీసే బాజీ అన్న ఎదురైతే ఆటపట్టించేవాడు. నీ డ్రోన్ పురుగుల్ని చంపుద్ది, నాది పెళ్ళికొడుకుని హీరోని చేసుద్ది అని. మా అక్క పెళ్ళి వీడియో అతనే తీశాడు. నేను మూలన దాక్కుంటే, వెతికి మరీ ఒక్క ఫోటో బాగా తీసింది అతనొక్కడే.

ఆ ఏడు కట్టలేరు పొంగింది. వాగు ఒడ్డున మా పిన్ని వాళ్ళ ఊరు మునిగితే, జనం బడి డాబా ఎక్కారు. పిన్నికి షుగరు. మాత్రలు ఇంట్లోనే ఉండిపోయాయని ఫోన్‌లో చెప్పింది, తర్వాత ఫోన్ కలవలేదు. మధ్యాహ్నానికి పోలీసులు మైకులో చెప్పుకుంటూ తిరిగారు. మిలిటరీ హెలికాప్టర్ వస్తోంది, ఎవరూ డ్రోన్లు ఎగరెయ్యొద్దని. నేను విన్నాను. వినలేదని ఇంతకాలం నాకు నేనే చెప్పుకున్నాను గానీ, విన్నాను. హెలికాప్టర్ వచ్చేలోపు మాత్రలు పడేసి వచ్చేద్దామనుకున్నాను.

వాగుకి ఇవతల, మా ఊరి పత్తి జిన్నింగు మిల్లు వెనక ఎవరూ లేరు. డ్రోన్‌కి మందు ట్యాంకు తీసేసి, మాత్రలూ బ్రెడ్డూ ప్లాస్టిక్ కవర్లో చుట్టి కట్టాను. చినుకుల్లోనే లేపాను.

ఇక్కడొకటి చెప్పాలి. సిగ్నల్ పోతే డ్రోన్ తనంతట తనే ఇంటికొస్తుంది. రావడానికి ముందు, మనం పెట్టిన ఎత్తుకి నిట్టనిలువునా లేస్తుంది. పత్తి చేలో ఆ ఎత్తు తక్కువ పెడతాం. మామిడి తోటల్లో తాటిచెట్లూ కరెంటు తీగలూ తగలకుండా బాగా పెంచుతాం. అంతకుముందు రెడ్డిగూడెం తోటలో పెంచినదాన్ని నేను తగ్గించలేదు. ప్రతిసారీ ఎగరేసే ముందు చూసుకునేదాన్ని. ఆ రోజు పిన్ని తప్ప ఇంకేం చూడలేదు.

డాబా దగ్గరికి వెళుతుండగా సిగ్నల్ పోయింది. అదే సమయానికి హెలికాప్టర్ చప్పుడు. ఆ చప్పుడు వినగానే కిందకి దించెయ్యాలని ట్రైనింగులో నేర్పారు. రిమోట్ నా చేతిలోనే ఉంది, డ్రోన్ నా మాట వినే దూరంలో లేదు. నేనెప్పుడో చెప్పిన మాట వింటోంది. డాబా మీదికి దిగుతున్న హెలికాప్టర్‌కి ఎదురుగా నిలువునా లేచింది. హెలికాప్టర్ ఒక్కసారిగా పక్కకి ఒరిగింది. పడిపోయిందనే అనుకున్నాను. మళ్ళీ నిలదొక్కుకుని, పైకి లేచి, వెనక్కి వెళ్ళిపోయింది. కాసేపటికి నా డ్రోన్ బుద్ధిగా వచ్చి నా కాళ్ళ దగ్గర వాలింది. మాత్రల కవరు కట్టింది కట్టినట్టే ఉంది.

వాన ముదిరింది. హెలికాప్టర్ మళ్ళీ తెల్లవారాకే వచ్చింది. రాత్రంతా వాళ్ళు ఆ డాబా మీద తడిశారు. అందరూ బతికారు. మా పిన్ని సొమ్మసిల్లి, ఆసుపత్రిలో తేరుకుంది. నేను కాళ్ళు పిసుకుతుంటే, ఆ డ్రోన్ ఎగరేసినవాడి చేతులు పడిపోనని తిట్టింది. నేను పిసకడం ఆపలేదు.

సరిహద్దులో శత్రువు డ్రోన్ల కోసం కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తాం, ఇక్కడ మనవాళ్ళదే మమ్మల్ని పడేసేదని పైలట్ అన్నాడని ఊరంతా చెప్పుకున్నారు.

పోలీసులు బాజీ అన్నని పట్టుకెళ్ళారు. ఆ పొద్దున, మైకు చెప్పకముందు, వరద వీడియో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నాడు. అంతే సాక్ష్యం. అంత వానలో మందు కొట్టే డ్రోన్ ఎగురుతుందని ఎవరికీ తట్టలేదు. డ్రోన్ లాక్కుని, రెండు రోజులు కూర్చోబెట్టి వదిలారు. వదిలిన సాయంత్రం మా ఇంటికొచ్చాడు. గడప దాటి లోపలికి రాలేదు.

"పైలట్ చూసింది పెద్ద డ్రోన్ అంటమ్మా. నాది అరచెయ్యంత లేదు. నువ్వు ట్రైనింగ్ అయినదానివి, నీ మాట వింటారు. స్టేషనుకొచ్చి ఆ ఒక్క ముక్క చెప్పవా?"

"నాకంత తెలవదు అన్నా."

"నీకు తెలవకపోతే ఇంకెవరికి తెలుసుద్దమ్మా?"

వెనక నుంచి అమ్మ, దానికి పోలీస్ స్టేషన్ అంటేనే చెమటలు బాబూ, ఏమనుకోకు అంది. అతను సర్లేమ్మా అని వెళ్ళిపోయాడు. నా మొహమాటం నా తరఫున అబద్ధం చెప్పింది. పుట్టినప్పటి నుంచి నన్ను ఇబ్బంది పెట్టిన ఆ గుణం ఆ ఒక్క రోజు నాకు పనికొచ్చింది. డ్రోన్ లేచింది పొరపాటున. మరి ఈ మాట? ఇది పొరపాటు ఎలా అవుతుంది?

అతనికొచ్చే పెళ్ళి ఫోటోల బేరాలు ఒక్కొక్కటే పోయాయి. బాజీ అన్న ఇప్పుడు గంపలగూడెం దారిలో షేర్ ఆటో నడుపుతున్నాడు.

ఈ మధ్య టీవీలో ఎక్కడిదో యుద్ధం చూపిస్తూ చెప్పారు. రాడార్‌కి దొరక్కుండా హెలికాప్టర్లు నేలకి దగ్గరగా ఎగురుతాయట. ఆ కింది ఆకాశమంతా ఇప్పుడు డ్రోన్లతో నిండిపోయిందట. ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియక, సొంత డ్రోనే సొంత హెలికాప్టర్‌ని కూల్చే ప్రమాదం ఉందట. నాన్న ఆసక్తిగా చూస్తున్నారు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

అయినా నేను ఇది రాస్తున్నది టీవీ వల్ల కాదు. పోయిన వారం వేరే ఆటో దొరక్క బాజీ అన్న ఆటో ఎక్కాను. పక్కన కూర్చున్న పెద్దాయన, "ఏరా హెలికాప్టర్ బాజీ, ఇదన్నా నేల మీద నడుపుతావా?" అన్నాడు. అందరూ నవ్వారు. బాజీ అన్న కూడా నవ్వాడు. అలవాటైపోయిన నవ్వు. అద్దంలో నా వైపు చూశాడు.

నేను కూడా నవ్వాను.

దిగి ఇంటికొచ్చేదాకా ఆ నవ్వు నా మొహం మీదే ఉందేమోనని చేత్తో తడుముకున్నాను.

మీకు చెప్పడం అతనికి చెప్పడం కాదని తెలుసు. మీరు జాలిపడినా, తిట్టినా అతని పేరు బాగుపడదు. అతనికి చెప్పగలనా? ఏమో. చెబుతానని మాట ఇస్తే అది ఇంకో అబద్ధం అవుతుందేమో. కానీ ఇది రాసి, తలుపు వేసుకుని, ఒక్కసారి పైకి చదివాను. నా చెవులతో నేను ఎప్పుడూ వినని మాట. మధ్యలో ఆపకుండా చివరిదాకా చదివాను.

ఆ రోజు ఎగరేసింది బాజీ అన్న కాదు. నేను.