వడ్ల సెంటర్‌లో ఆరాధన కన్ను

మా ఆరాధన పదో తరగతి లెక్కలు మూడోసారికి పాసయింది. ముక్కు కాగితానికి ఆనించి రాసి మరీ పాసయింది. మా తమ్ముడు ఫిలిప్ బిడ్డ ఆమె. ఆమెకు కంటి జబ్బుందని అప్పటికి ఎవరికీ తెలియదు. తర్వాత హైదరాబాదు డాక్టర్లు కెరటోకోనస్ అన్నారు. నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర పలచబడి, మొనదేరి ముందుకు పొడుచుకొస్తుందట. కుడికన్ను ఏ అద్దాలకూ లొంగకపోతే, కన్నుమూసిన ఎవరో పుణ్యాత్ములు దానం చేసిన పొర తెచ్చి నిరుడు కుట్టారు. ఆ కంటితోనే డిగ్రీ ముగించింది, స్కూటీ నేర్చింది, మా మెథడిస్టు సంఘంలో నిలబడి వాక్యం చదివింది. మహిళా సంఘం నడిపే వడ్ల కొనుగోలు సెంటర్‌లో వడ్ల తేమ కొలిచే మిషన్ చూసే పని ఆమెకే ఇచ్చారు. ధర్మపురి దారి పల్లెల్లో ఆమె చెప్పిన తేమకు ఎదురు చెప్పిన రైతు లేడు.

ఈ నవంబరులో ఒక సోమవారం. తూర్పారబట్టే మిషన్ దుమ్ము లేపుతోంది, పడమట మబ్బు కమ్ముకొస్తోంది. కుడికన్ను గుచ్చుకుంటోందని ఆరాధన పని ఆపింది. కన్ను ఎర్రబడి నీరు కారుతోంది.

“వడ్ల నూగు వడ్డది,” అన్నాడు మల్లేష్. వరుసలో ముందున్న కుప్ప అతనిదే. “జర లస్మవ్వకు సూపియ్యి. వాన రాకముందే నా వడ్లు సూడాలె.”

కంట్లో పడిన నలుసును నాలుక కొసతో తీసే మనిషి మా ఊళ్లో లస్మవ్వ. కొంగుతో మూతి తుడుచుకుంటూ వచ్చింది.

“ఇటు రా బిడ్డా. నా నాలిక తాకని కన్ను గీ ఊర్లె ఉన్నదా?”

“నీ నాలిక తాకని మనిషే లేడు లస్మవ్వా,” అన్నాడు మల్లేష్. అందరూ నవ్వారు.

లస్మవ్వ రెప్ప ఎత్తి పట్టింది. కదలకుండా ఆరాధన తల, పక్కనే ఉన్న నేను పట్టుకున్నాను. ఆమె చేత్తో ఎడమకన్ను మూసి, కుడికంటితో ఎదుటి టార్పాలిన్ వైపు చూసింది. నాలుక దగ్గరకొచ్చేసరికి ఆరాధన లస్మవ్వ చేతిని తోసేసింది.

“వద్దవ్వా. నలుసు వడితె గుచ్చుకుంటది గని గింత మసక రాదు. అంత పొగ లెక్క కనవడ్తున్నది.”

“నలుసు కొస నాకు కనవడ్తనే ఉన్నది.”

“అది కుట్టు కొస గావచ్చు. గుంజితె కన్నే పోతది. పెద్దబాపూ, బండి తియ్యి,” అంది నాతో.

“మరి నా వడ్లు?” అన్నాడు మల్లేష్.

“తడిస్తె మళ్ల ఎండవోసుకుంటవు మల్లేషన్నా. గీ కన్ను పోతె నేను యాడ తెచ్చుకోవాలె?”

మిషన్ మహిళా సంఘంలోని పద్మలత చేతికిచ్చి నా వెనక ఎక్కింది. చిన్నప్పటి నుంచి కళ్లు నలిపే అలవాటు ఆమెది. దారంతా రెండు చేతులూ నా భుజాల మీద గట్టిగా అదిమి పెట్టింది. జగిత్యాల దాటేసరికి వాన అందుకుంది.

కరీంనగర్ డాక్టర్ చూడగానే హైదరాబాదుకు పొమ్మన్నాడు. అక్కడ చెప్పారు: ఒక కుట్టు వదులై పైకి లేచింది, దాని చుట్టూ కొత్త రక్తనాళాలు పాకాయి, పరాయి పొరను ఒళ్లు ఎదిరిస్తోంది. ఆ కుట్టు తీసి గంటగంటకూ చుక్కలు వేస్తున్నారు. పొర నిలుస్తుందా అని ఫిలిప్ అడిగితే ఇప్పుడే చెప్పలేమన్నారు.

నిన్న ఆమే ఫోన్ చేసింది.

“కుడికంటికి గోడ గడియారంల ముల్లు కనవడ్డది పెద్దబాపూ.”

“ఏ ముల్లు?”

“పెద్దది. చిన్నది ఇంక కనవడలే.”

పొర తేటబడుతూ పోతే నవంబరు 28, శుక్రవారం ఇంటికి పంపిస్తామన్నారు.